సింపై: లోపలికి తొంగిచూడనిచ్చే బీజగణిత లైబ్రరీ

ఎక్స్ లాంటి అక్షరాలతోనే కచ్చితంగా గణితం చేసే లైబ్రరీ సింపై (SymPy). 2005లో ఒండ్రేయ్ చెర్టీక్ మొదలుపెట్టిన ఇది పూర్తిగా పైథాన్‌లోనే ఉంటుంది. లైసెన్సు బీఎస్‌డీ, అంటే స్వేచ్ఛగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో ఇన్‌స్టాల్ చేస్తే తప్పనిసరిగా వెంట వచ్చేది, దశాంశాల లెక్కలు కోరినంత కచ్చితత్వంతో చేసే ఎంపీమ్యాథ్ ఒక్కటే. 1960ల నాటి బీజగణిత వ్యవస్థ Macsymaకు వారసురాలైన Maxima లోపలి పని చూడాలంటే లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష రావాలి. ఇక్కడ పైథాన్ వచ్చినవారెవరైనా ఒక సమాకలనం ఏ దారిలో తేలిందో కోడ్ తెరిచి చూసుకోవచ్చు. మేం దీన్ని సిఫారసు చేయడానికి ముఖ్య కారణం ఇదే.

అయితే మనం ఏం రాసి ఇస్తున్నామో గమనించుకోవాలి. ఘాతంలో 1/3 అని రాస్తే సింపై దాకా రాకముందే పైథాన్ దాన్ని దశాంశం చేసేస్తుంది, ఇక కచ్చితమైన జవాబు రాదు. రేషనల్(1, 3) అని రాయాలి. == గుర్తు పోల్చేది రూపాన్నే, విలువను కాదు. (ఎక్స్+1) వర్గానికీ దాని విస్తరణకీ మధ్య పెడితే ఫాల్స్ అంటుంది. రెండింటి తేడా తీసి సింప్లిఫై చేస్తే సున్నా వస్తుంది.

ఎక్కువమందిని తికమకపెట్టేది చలరాశి లక్షణాలు. ఎక్స్ వర్గానికి వర్గమూలం ఎక్స్‌గా మారదు, మారకపోవడమే సరైనది, ఎందుకంటే ఎక్స్ రుణ సంఖ్య కావచ్చు. సింబల్ (చలరాశి) సృష్టించేటప్పుడే పాజిటివ్=ట్రూ అని చెబితే మారుతుంది. కానీ అలా చెప్పిన ఎక్స్, చెప్పని ఎక్స్ సింపై లెక్కలో వేర్వేరు. తెర మీద ఒకేలా కనిపిస్తాయి, ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే మాత్రం సున్నా రాదు. ఇలాంటి చోట రాశి లోపలి నిర్మాణాన్ని పూర్తిగా రాసి చూపే ఎస్‌రెప్ర్ (srepr) వాడితే ఏది ఏదో బయటపడుతుంది.

సింప్లిఫై మీదే ఆధారపడకండి. అది చాలా పద్ధతులు ప్రయత్నించి చిన్నగా తోచిన రూపాన్ని ఎంచుకుంటుంది, అందుకే నెమ్మది. కావలసిన రూపం తెలిస్తే ఫ్యాక్టర్ (కారణాంకాలు), క్యాన్సిల్ (భిన్నాల కొట్టివేత), ట్రిగ్‌సింప్ (త్రికోణమితి) నేరుగా పిలవండి. సైన్ ఎక్స్ = 0కి సాల్వ్ సున్నా, పై మాత్రమే ఇస్తుంది. మొత్తం అనంత సమితి కావాలంటే సాల్వ్‌సెట్.

వేగం దీని బలహీనత. అక్షరాలు నిండిన పెద్ద మాత్రికకు విలోమం అడిగితే మధ్యలోని రాశులు ఉబ్బిపోయి గంటలు పట్టవచ్చు. వేల బిందువుల దగ్గర విలువలు కావాలంటే లూప్‌లో సబ్స్ (చలరాశి స్థానంలో విలువ పెట్టేది) వద్దు, లాంబ్డిఫైతో రాశిని నంపై (సంఖ్యల లెక్కలు వేగంగా చేసే లైబ్రరీ) ఫంక్షన్‌గా మార్చుకోండి. జీఎంపీవై2 అనే అదనపు లైబ్రరీ ఉంటే పెద్ద పూర్ణాంకాల లెక్క వేగం పుంజుకుంటుంది. టైపు చేసిన వాక్యాన్ని సింపై రాశిగా మార్చే సింపిఫై లోపల, ఇచ్చినదాన్ని పైథాన్ కోడ్‌గా నడిపే ఇవాల్ ఉంటుంది కాబట్టి బయటివాళ్లు టైపు చేసిన వాక్యాన్ని దానికి ఇవ్వకూడదు.

కొత్త క్లాసు చేర్చేవాళ్లకు ఒక నియమం ప్రాణం: ఆర్గ్స్ (లోపలి భాగాలు) ఖాళీగా లేని ఏ రాశినైనా దాని ఫంక్ (తయారుచేసే క్లాసు), ఆర్గ్స్‌తో మళ్లీ కడితే అదే రాశి రావాలి. సమాచారాన్ని ఆర్గ్స్ బయట దాచితే మొదట అంతా బాగున్నట్టే ఉంటుంది, సబ్స్ ఆ రాశిని తిరిగి కట్టినప్పుడు అది మాయమవుతుంది. ఈ ఒక్క పరీక్షను కోడ్‌తో పాటే రాసి పంపండి.