ఈఎంటీ శిక్షణకు ముందు కొనాల్సిన డయల్ బీపీ మిషన్: రెండున్నరేళ్లు వాడాక

ఈఎంటీ (అంబులెన్సులో రోగిని చూసుకునే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) కోర్సులో చేరబోయేవాళ్లు ముందు పుస్తకాలు కొంటారు, తర్వాత వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ కొంటారు. రెండూ కాస్త ఆలస్యమైనా నష్టం లేదు. పుస్తకం క్లాసులో ఎలాగూ చదివిస్తారు, ఆక్సీమీటర్ అంకెను తానే చూపిస్తుంది. చేరడానికి రెండు మూడు నెలల ముందే చేతిలో ఉండాల్సింది డయల్ బీపీ మిషన్, దానికో స్టెత్ (స్టెతస్కోప్). బీపీ చూడటం చదివితే వచ్చేది కాదు. చెవికీ వేళ్లకీ అలవాటు పడాలి. క్లాసులో ఒక్క మిషన్ చుట్టూ పదిమంది మూగితే ఆ అలవాటు కుదరదు.

ఇక్కడ చెప్పేది దేశీ తయారీ మిషన్ గురించి. చేతికి చుట్టే పట్టీ, అంటే కఫ్ నుంచి రెండు రబ్బరు గొట్టాలు వస్తాయి, ఒకటి గాలి కొట్టే రబ్బరు బల్బుకి, ఇంకోటి డయల్‌కి. జిప్పున్న రెక్సిన్ సంచి ఇచ్చారు. ధర రూ.1,200 చిల్లర. హైదరాబాద్ కోఠిలో సర్జికల్ షాపుల వరుసలో ఇలాంటివి నాలుగైదు రకాలు చూపిస్తారు. ఆన్‌లైన్‌లో కాస్త తక్కువకు రావచ్చు గానీ, ఇది చేత్తో పట్టుకుని పరీక్షించి తీసుకోవాల్సిన వస్తువు.

ఆ పరీక్ష కౌంటర్ దగ్గరే చేయాలి. గాలి పూర్తిగా వదిలేసి చూస్తే ముల్లు సున్నా దగ్గరున్న చిన్న గడిలోనే ఆగాలి. బయటికి జరిగి ఉంటే ఆ పీసు వద్దు. తర్వాత కఫ్‌ని గట్టి స్టీలు డబ్బాకి చుట్టి, బల్బు దగ్గరుండే గాలి వదిలే స్క్రూ బిగించి 200 దాకా పంపు కొట్టి ఒక నిమిషం ఆగండి. 4 కంటే ఎక్కువ పడిపోతే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఆ తర్వాత స్క్రూని కొద్దికొద్దిగా తిప్పుతూ 200 నుంచి 50కి దించండి. సెకనుకు 2–3 చొప్పున దిగితే దాదాపు నిమిషం పడుతుంది. ముల్లు నున్నగా దిగకుండా ఆగి, ఒక్కసారి 20 దూకితే స్క్రూ బాగాలేదని అర్థం. షాపువాళ్లు కొంచెం విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

మొదట సతాయించింది వెల్క్రో. ఏడాది తిరిగేసరికి దారాలు, నూలు పీచు, వెంట్రుకలు ఇరుక్కుని, 160 దాటగానే పరపరమంటూ ఊడిపోయేది. పాత టూత్‌బ్రష్, పిన్నీసుతో శుభ్రం చేస్తే మళ్లీ పట్టుకుంది. గొట్టాల పని వేరు. మన ఎండలకి రబ్బరు మెత్తబడి జిగురుగా మారుతుంది, తర్వాత డయల్ ముక్కుకి తొడిగిన చోట పగులుతుంది. పగిలిన సెంటీమీటరు ముక్క కోసేసి మళ్లీ తొడిగితే సరిపోతుంది. ఇప్పటికి రెండుసార్లు అలాగే నెట్టుకొచ్చాం. ఈసారి గొట్టమే మార్చాలి. బల్బు అడుగున ఉండే చిన్న వాల్వులో దుమ్ము చేరితే బల్బు నొక్కినా గాలి కఫ్‌లోకి పోకుండా వెనక్కి తన్నేస్తుంది. విప్పి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు, నూనె వేయొద్దు. డయల్ ఇంకా సున్నాలోనే ఉంది. అయినా ఆరు నెలలకోసారి వై ఆకారపు కనెక్టరుతో ఇంకో నమ్మకమైన మీటరుకి కలిపి 60, 100, 150, 200 దగ్గర రెండూ ఒకే అంకె చూపిస్తున్నాయో లేదో పోల్చాలి. కింద పడిన డయల్ ముల్లు సున్నాలోనే ఉన్నా పైన 150 దగ్గర తప్పు చూపించొచ్చు.

నిజానికి రీడింగ్ తప్పు రావడానికి ఎక్కువసార్లు కారణం మిషన్ కాదు, కఫ్ కొలత. సెట్టుతో వచ్చే మామూలు కఫ్ 27–34 సెం.మీ. చుట్టుకొలత ఉన్న చేతికి సరిపోతుంది. భుజానికీ మోచేతికీ మధ్య దర్జీ టేపుతో కొలవండి. బక్కపలచని ముసలివాళ్ల చేయి 22–26 మధ్య ఉంటుంది, దానికి చిన్న కఫ్ కావాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే అంకె ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది, సన్నచేతికి పెద్దది కడితే తక్కువ వస్తుంది. లోపలి రబ్బరు సంచి చేతిని కనీసం 80 శాతం చుట్టుకోవాలి. పరీక్షల్లో ఈ ప్రశ్న అడుగుతుంటారు. ఫీల్డులో మాత్రం దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

కఫ్ కింది అంచు మోచేతి మడతకి 2–3 సెం.మీ. పైన ఉండాలి, లోపలికి రెండు వేళ్లు దూరాలి. చేయి గుండె ఎత్తులో ఆనించాలి. 10 సెం.మీ. కిందికి వేలాడితే అంకె 7–8 దాకా పెరిగిపోతుంది. ముందు స్టెత్ పెట్టొద్దు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, అది మాయమయ్యేదాకా పంపు కొట్టి, ఆ అంకె గుర్తుపెట్టుకుని గాలి వదిలేయండి. అర నిమిషం ఆగి, ఈసారి స్టెత్ పెట్టి, ఆ అంకెకి మరో 30 పైకి తీసుకెళ్లి నెమ్మదిగా దించండి. మొదటి టక్ శబ్దం పై అంకె, శబ్దం పూర్తిగా ఆగిన చోటు కింది అంకె. నాడి పట్టే పని ఎగ్గొట్టి నేరుగా 160 దాకా కొట్టేసేవాళ్లు ఎక్కడో ఒకచోట దెబ్బతింటారు. కొందరు బీపీ రోగుల్లో శబ్దం మధ్యలో కాసేపు మాయమై మళ్లీ వస్తుంది. ఆ సందులో మొదలుపెడితే 190 ఉన్న మనిషికి 150 రాసేస్తారు.

ఇంకో మాట. డయాలసిస్ కోసం ఫిస్టులా (రక్తనాళాలు కలిపే ఆపరేషన్) చేసిన చేతికి కఫ్ కట్టనే కూడదు. కిడ్నీ రోగులు ఎక్కువగా ఉండే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలాంటి చోట పనిచేయబోయేవాళ్లు ముందు రెండు చేతులూ చూసి, అడిగి, తర్వాతే కఫ్ కట్టాలి.

సెట్టుతో ఉచితంగా వచ్చిన స్టెత్‌ని మూడో రోజే పక్కన పెట్టాల్సి వచ్చింది. చెవి బుడిపెలు గట్టి ప్లాస్టిక్, గొట్టం పల్చన, శబ్దం వినీ వినపడనట్టు ఉంటుంది. కొత్తవాళ్లు తమ చెవిదే లోపమనుకుంటారు. రూ.1,000–1,500 మధ్య విడిగా ఒకటి కొనుక్కుంటే బీపీకీ ఊపిరితిత్తులకీ సరిపోతుంది. ఈఎంటీ పనికి వేలకువేలు పోసే కార్డియాలజీ స్టెత్ అక్కర్లేదు. చెవి బుడిపెలు ముక్కువైపు వంగి ఉండేలా పెట్టుకోవాలి. ఏమీ వినపడకపోతే బిళ్ల మీద వేలితో తట్టి చూడండి. చాలాసార్లు అది రెండోవైపుకి తిరిగిపోయి ఉంటుంది. బిళ్లని కఫ్ కిందికి దూర్చడం అందరూ చేసే తప్పు, రాపిడి శబ్దంలో అసలు శబ్దం కలిసిపోతుంది. మెడచుట్టూ ఎప్పుడూ వేలాడేస్తే చెమట, జిడ్డు పట్టి గొట్టం బిరుసెక్కుతుంది. స్పిరిట్ దూదితో తుడవాలి గానీ ముంచి నానబెట్టకూడదు.

"ఇంత తంటా ఎందుకు, డిజిటల్ మిషన్ ఉందిగా?" అని అడిగేవాళ్లుంటారు. అది కఫ్‌లో గాలి అదురును పట్టి లెక్కగడుతుంది. 108 అంబులెన్సులో డ్రైవర్‌ని పైలట్ అంటారు. ఆ పైలట్ గతుకుల రోడ్డు మీద బండి తోలుతుంటే, బండి కుదుపేదో నాడి అదురేదో డిజిటల్‌కి తెలియదు, ఎర్రర్ చూపిస్తుంది. నాడి లయ తప్పినా, బీపీ బాగా పడిపోయినా అంతే. సైరన్ మోతలో స్టెత్ కూడా పనిచేయదు. అప్పుడు మిగిలేది వేళ్లే. గాలి దించుతుంటే మణికట్టులో నాడి తిరిగి తగిలిన అంకెని పై అంకెగా తీసుకుని "90/పి" అని రాస్తారు. పి అంటే పాల్పేషన్, వేళ్లతో తాకి చూసిందని. రోగి చేతిని స్ట్రెచర్ కమ్మీకి తగలకుండా మీ తొడమీద పెట్టుకుంటే కుదుపు తగ్గుతుంది. ఇది డిజిటల్‌తో అయ్యే పని కాదు.

డిజిటల్‌ని సాధనలో సరిచూసుకోవడానికి వాడొచ్చు. ముందు డయల్‌తో చూసి రాసుకోవాలి, ఒకటి రెండు నిమిషాలాగి అదే చేతికి డిజిటల్ కట్టాలి. ఈ వరస తిరగబడితే చెవి తనకి తెలిసిన అంకెనే వింటుంది. డయల్ మీద గీతకి 2 చొప్పున ఉంటుంది కాబట్టి అన్నీ సరిసంఖ్యలే రావాలి. నోటుబుక్కు నిండా 120/80, 130/80, 110/70 కనిపిస్తుంటే మీరు వినడంలేదు, ఊహిస్తున్నారు. నాడి అర నిమిషం లెక్కపెట్టాక మణికట్టు వదలకుండానే శ్వాస కూడా లెక్కపెట్టేయండి. శ్వాస చూస్తున్నారని తెలిస్తే మనిషి ఊపిరి తీరే మారిపోతుంది.

రోజూ వాడాక స్క్రూ తెరిచి, గాలంతా పిండేసి, గొట్టాలు మడతపడకుండా సంచిలో పెట్టాలి. ఎండలో నిలిపిన బైక్ డిక్కీలో వదిలేయొద్దు. బల్బు, స్క్రూ, గొట్టం, లోపలి రబ్బరు సంచి అన్నీ విడివిడిగా దొరుకుతాయి. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే మిషన్ కొంటాం. అయితే ఈసారి చిన్న కఫ్, పెద్ద కఫ్ మొదటిరోజే తీసుకుంటాం.