ఓపెన్‌టీటీడీలో బండి పొడుగు ఎంత ఉండాలి: ఆరేళ్లు ఆడాక నా అనుభవం

తిరుపతిలో టీటీడీ అంటే ఎవరికైనా దేవస్థానమే గుర్తొస్తుంది. ఓపెన్‌టీటీడీలోని టీటీడీ మాత్రం 1995లో వచ్చిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్ అనే కంప్యూటర్ ఆట; పట్టాలు వేసి, బండ్లు నడిపి సరుకునూ జనాన్నీ చేరవేయడమే అందులో పని. దాని ఆధారంగా ఔత్సాహికులు 2004 నుంచి తయారు చేస్తూ వస్తున్న ఉచిత ఆట ఇది. మా ఇల్లు రేణిగుంట జంక్షన్‌కు దగ్గర. గూడ్స్ బండి పోతుంటే పెట్టెలు లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. అందుకేనేమో, ఆరేళ్లుగా ఈ ఆటలో నేను ఎక్కువగా ఆలోచించింది బండి పొడుగు గురించే.

ఆటలో నేలంతా గడులు. మామూలు పెట్టెకైనా ఇంజిన్‌కైనా అర గడి పడుతుంది. అంటే 5 గడుల బండికి ఒక ఇంజిన్, తొమ్మిది పెట్టెలు. సెట్టింగులు మార్చకపోతే బండి పొడుగుకు పరిమితి 7 గడులు. సెట్టింగుల్లో 64 దాకా పెంచుకోవచ్చు.

నా మొదటి పెద్ద మ్యాప్‌లో బొగ్గు కోసం 3 గడుల బండ్లు వేశాను. గని ఉత్పత్తి పెరిగింది. కొత్త బండ్లు కొనకుండా ఉన్నవాటికే పెట్టెలు తగిలించి 7 గడులు చేశాను. ప్లాట్‌ఫామ్ కంటే బండి పొడుగైతే లోడింగ్ ఆగిపోదు గానీ బాగా నెమ్మదిస్తుంది. ప్లాట్‌ఫామ్ పొడిగిస్తే అది తీరిపోయింది. అసలు దెబ్బ జంక్షన్ దగ్గర తగిలింది.

జంక్షన్ దాటాక స్టేషన్ సిగ్నల్ వరకు 4 గడులే ఉన్నాయి. 3 గడుల బండి అక్కడ హాయిగా ఆగేది. 7 గడుల బండి ఆగితే వెనక ఆరు పెట్టెలు జంక్షన్ మీదే ఉండిపోయాయి. స్టేషన్‌లో ఖాళీ చేసిన బండి బయటికి రావాలంటే అదే జంక్షన్ దాటాలి. అది రాకపోతే ప్లాట్‌ఫామ్ ఖాళీ కాదు, ప్లాట్‌ఫామ్ ఖాళీ కాకపోతే ఇది కదలదు. చూస్తుండగానే వెనక పదకొండు బండ్లు నిలిచిపోయాయి. ఆ రాత్రి రెండింటి దాకా కూర్చుని ఒక్కో బండినీ వెనక్కి తిప్పి పంపాను. అప్పటి నుంచి ఒకటే పాటిస్తున్నాను: జంక్షన్ దాటాక నిండు బండి పట్టే చోటు లేకపోతే అక్కడ సిగ్నలే పెట్టను. పాత్ సిగ్నల్ (ముందున్న దారి ఖాళీ అయ్యాకే బండిని వదిలే సిగ్నల్) జంక్షన్‌కు ముందే ఉంటే బండి బయటే ఆగుతుంది, అడ్డం పడదు.

పాకాల మీదుగా కాట్పాడి వెళ్ళే సింగిల్ లైన్‌లో ప్యాసింజర్ ఎక్కి, ఎదురు బండి కోసం లూప్‌లో, అంటే దారి ఇవ్వడానికి వేసిన పక్క పట్టాల మీద, ఆగినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. లూప్ ఎంతో బండీ అంతే. లైన్ మొత్తంలో అతి చిన్న లూప్ ఏదో చూసుకుని బండి కట్టాలి.

మరీ పొడుగు బండ్లతో ఇంకో చిక్కు ఉంది. నిండేదాకా ఆగమని ఆర్డర్ ఇస్తే చిన్న గని దగ్గర 12 గడుల బండి నెలల తరబడి నిలబడుతుంది. ప్లాట్‌ఫామ్‌లు తక్కువైతే వెనక బండ్లు క్యూ కడతాయి. ఒకేవైపు రెండు మలుపులు దగ్గర దగ్గరగా వస్తే పొడుగు బండి రెండింటి మీదా ఒకేసారి ఉంటుంది, వేగం పడిపోతుంది. అయితే కొండ దగ్గర పొడుగుకు ఒక లాభం ఉంది. ఒక్క గడి ఎత్తే అయితే ఒక సమయంలో రెండు మూడు పెట్టెలే ఎక్కుతుంటాయి, పెద్దగా ఇబ్బంది ఉండదు. వరుసగా నాలుగైదు గడులు ఎక్కాలంటే మాత్రం రెండో ఇంజిన్ తగిలించాల్సిందే.

ప్రయాణికుల బండ్లకు నాకు 4 గడులు చాలు. తరచుగా వచ్చే చిన్న బండి ఉంటే స్టేషన్ రేటింగ్ (సేవ ఎంత బాగుందో ఆట ఇచ్చే మార్కు) బాగుంటుంది, జనం ఎక్కువ వస్తారు. సికింద్రాబాద్ నుంచి మన తిరుపతికి వందే భారత్ 2023 ఏప్రిల్‌లో 8 పెట్టెలతో మొదలై, మే నెలలోనే 16 పెట్టెలైంది. అలా ఒక్కసారిగా రెట్టింపు చేయగలిగారంటే ప్లాట్‌ఫామ్‌లు, లూప్‌లు అంతకంటే పొడుగు బండ్లకు ముందే ఉన్నాయి కాబట్టి. నా బొగ్గు లైన్‌లో లేనిది అదే.

ఇప్పుడు కొత్త మ్యాప్ మొదలుపెడితే మొదటి స్టేషన్ కంటే ముందే పొడుగు తేల్చుకుంటాను. సరుకు బండ్లన్నిటికీ 5 గడులు, ప్లాట్‌ఫామ్ 5, సిగ్నల్‌కూ సిగ్నల్‌కూ మధ్య 5, జంక్షన్ల దగ్గర 6. ఆటోరీప్లేస్‌లో (పాత ఇంజిన్లను ఆటే కొత్తవాటితో మార్చే ఏర్పాటు) పెట్టెలు తగ్గించే ఆప్షన్ కూడా ఆన్ చేసి ఉంచుతాను, పొడుగు ఇంజిన్ వచ్చినా బండి 5 దాటకుండా. ఈ కొలతతో వేసిన మ్యాప్‌లో ఇప్పుడు నూటికి పైగా బండ్లు తిరుగుతున్నాయి, ఆ బొగ్గు లైన్‌లాంటి ముడి మళ్లీ పడలేదు.