నల్లగొండలో ఒక చిన్న ప్రైవేటు బడి: తరగతి గది పనులు, రానున్న కార్యక్రమాలపై ఒక తల్లి సమీక్ష

నల్లగొండ పట్టణంలో మా కాలనీకి దగ్గరలోనే ఉన్న ఒక చిన్న ప్రైవేటు బడిలో మా పాప నర్సరీలో చేరి ఇప్పుడు ఏడో తరగతికి వచ్చింది. బాబు అక్కడే మూడో తరగతి చదువుతున్నాడు. అడ్మిషన్ల కోసం బడులు చూసి వచ్చే తల్లిదండ్రులు నన్ను తరచూ ఈ బడి గురించి అడుగుతుంటారు. ఫీజు ఎంత, వ్యాను ఏ వీధి దాకా వస్తుంది వంటి సంగతులు ఆఫీసులో అడిగినా చెబుతారు. తరగతి గదిలో పిల్లల చేత ఏం చేయిస్తారు, ఏడాది పొడవునా జరిపే కార్యక్రమాల వల్ల పిల్లలకు ఏం ఒరుగుతుంది అన్నది మాత్రం ఏళ్ల తరబడి దగ్గరి నుంచి చూసినవారికే తెలుస్తుంది కాబట్టి, ఆ మేరకే రాస్తున్నాను. బడి పేరు అవసరం లేదు. ఇలాంటి బడులు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి, వాటిని అడగవలసిన ప్రశ్నలు కూడా ఇవే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మామూలు రోజుల్లో, ఎవరూ చూడని వేళ, తరగతి గదిలో జరిగే పని ఈ బడికి పెద్ద బలం. వేదిక మీద, లైట్ల వెలుగులో జరిగే పని దాని బలహీనత.

పాప నాలుగో తరగతిలో ఉన్నప్పుడు భిన్నాల పాఠం జరిగింది. గణితం టీచర్ తన ఇంట్లో ఉన్న, గింజలు కొలిచే పాతకాలపు పాత్రలైన సోల, తవ్వ, మానికలను బడికి తెచ్చి, పిల్లలను తలా ఒక గ్లాసు బియ్యం తెమ్మన్నారు. నేను ఆ రోజు మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్లి, కిటికీ దగ్గర నిలబడి కాసేపు చూశాను. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని టీచర్ చెప్పలేదు. పిల్లలే పోసి చూసి చెప్పాలి. ఒక గుంపుకు రెండు సోలలు పోసినా తవ్వ నిండి ఇంకా మిగిలింది. తప్పు ఎక్కడ జరిగిందని వాళ్లు చాలాసేపు వాదించుకున్న తర్వాత, సోలను గోపురంలాగా పోశామని, అంచు దాకా పోసి అరచేత్తో చదును చేయాలని ఒక పాప కనిపెట్టింది. అదంతా అయ్యాకే టీచర్ బోర్డు మీద ఒక సోల అంటే మానికలో 1/4, ఒక తవ్వ అంటే 1/2, రెండూ కలిపితే 3/4 అని రాశారు. ఆ సాయంత్రం మా పాప వాళ్ల నానమ్మ చేత అటక మీది మానికను దింపించింది. నాలుగు మానికలు ఒక కుంచమని నానమ్మ చెప్పగానే, అయితే కుంచంలో సోల 1/16 అని వెంటనే లెక్క కట్టింది. భిన్నాలంటే నాకు పదో తరగతి దాకా భయం ఉండేది. మా పాపకు ఆ భయం లేదు, దానికి కారణం ఆ ఒక్క గంట అని నేను నమ్ముతున్నాను.

బతుకమ్మ విషయంలోనూ ఈ బడి పద్ధతి నాకు నచ్చింది. దసరా సెలవులకు ముందు చాలా బడుల్లో ఆడపిల్లలు పట్టు లంగాలు వేసుకొని, మైకులో పాటలు పెట్టి గంటసేపు ఆడితే కార్యక్రమం ముగుస్తుంది. ఇక్కడ అంతకు ముందు వారమే సైన్సు పీరియడ్‌లో బల్లల మీదికి తంగేడు, గునుగు, బంతి, చామంతి, గుమ్మడి పూలు వస్తాయి. తంగేడు పువ్వుకు ఐదు రేకులుంటాయని, గునుగు కంకి ఒక్క పువ్వు కాదని, అందులో లెక్కలేనన్ని చిన్న పూలు గుత్తుగా ఉంటాయని, బంతి కూడా అలాంటిదేనని పిల్లలు భూతద్దంతో చూసి బొమ్మ గీస్తారు. గుమ్మడిలో ఆడపువ్వు, మగపువ్వు వేరువేరని, ఆడపువ్వు కింద చిన్న పిందె కనిపిస్తుందని మా పాప చెబితే, చిన్నప్పటి నుంచి ఆ పూలు పేర్చిన నేను ఆ రోజే గమనించి చూశాను. బతుకమ్మను పేర్చేటప్పుడు ఒక్కో వరుసకు ఎన్ని పూలు తగ్గుతున్నాయో మగపిల్లలు కూడా కూర్చొని పట్టిక రాస్తారు. సద్దుల బతుకమ్మ నాటికి మా ఇంట్లో పేర్చే పని మొత్తం పిల్లలే తీసుకున్నారు.

పెద్ద తరగతుల్లో నేను చూసిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఫ్లోరైడ్ ప్రాజెక్టు. ఎముకలను, పళ్లను దెబ్బతీసే ఫ్లోరైడ్ నీళ్లు మన జిల్లాకు ఏం చేశాయో ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఏడో తరగతి పిల్లల్లో కొందరు మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నుంచి వచ్చి పట్టణంలో బంధువుల ఇళ్లలో ఉండి చదువుకునేవారు. వాళ్లను సొంతూళ్లకు వెళ్లినప్పుడు బోరు నీళ్లు, మిషన్ భగీరథ నల్లా నీళ్లు వేరువేరు సీసాల్లో పట్టి, ఊరి పేరు, తేదీ రాసి తెమ్మన్నారు. ఫీల్డు కిట్టులోని గులాబీ రంగు ద్రావణం చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో ఆ రంగు పసుపు వైపు తిరుగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉంటే మంచిదని, వేరే దిక్కు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. రంగుల కార్డు పక్కన సీసాలు పెట్టి, తమ ఊరి బోరు ఆ గీతకు అటుందో ఇటుందో పిల్లలు తమ కళ్లతో తామే చూసుకున్నారు.

తర్వాత నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్లగొండ పద్ధతి చేయించారు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన ఈ పద్ధతి మన ఊరి పేరుతోనే దేశదేశాల్లో పాఠ్యపుస్తకాలకు ఎక్కిందని పిల్లల్లో చాలామందికి అప్పటి దాకా తెలియదు. బోరు నీళ్లలో సున్నం, పటిక, కొద్దిగా బ్లీచింగ్ పౌడరు వేసి మొదట వేగంగా, తర్వాత మెల్లగా కలిపితే, దూదిపింజల్లాంటి మడ్డి ఏర్పడి నెమ్మదిగా అడుగుకు దిగుతుంది. పైకి తేరిన నీటిని వడగట్టాలి. గాజు సీసాలో ఆ పింజలు దిగుతుంటే పిల్లలు బెల్లు కొట్టినా కదలలేదని టీచర్ చెప్పారు. నాకు బాగా నచ్చింది తర్వాతి మాట. తేరిన నీళ్లను అదే కిట్టుతో పరీక్షించి ఫ్లోరైడ్ పోయిందని చప్పట్లు కొట్టవద్దని, మిగిలిపోయిన పటిక ఆ రంగును తారుమారు చేయగలదని, కచ్చితంగా తెలియాలంటే ల్యాబుకు పంపాలని టీచర్ ముందే చెప్పారు. ఈ పద్ధతిలో నీటిలో అల్యూమినియం మిగిలే ప్రమాదం, మడ్డిని ఎక్కడ పారబోయాలన్న సమస్య ఉన్నాయని కూడా రాయించారు. ఒక పనిలోని లోపాన్ని కూడా చెప్పి నేర్పే టీచరు దొరకడం మా పిల్లల అదృష్టం.

పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకువెళ్లిన తీరు కూడా బాగుంది. ఊరికి అంత దగ్గరలో ఉన్నా చాలా బడులు పిక్నిక్ పేరుతో హైదరాబాద్‌కే పోతాయి. కుందూరు చోళుల కాలపు ఆ గుడిలో, గర్భాలయం గోడ మీద పగలంతా ఒక స్తంభపు నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. పిల్లలు ఉదయం ఒకసారి, మధ్యాహ్నం తినివచ్చాక ఒకసారి నీడ అంచును గమనించి నోట్‌బుక్‌లో గీసుకున్నారు. తిరిగి వచ్చాక అట్టపెట్టెతో గుడి నమూనా చేసి, టార్చిలైటును అటూ ఇటూ జరుపుతూ, వేరువేరు స్తంభాలు వెలుతురును అడ్డుకొని ఒకే చోట నీడను ఎలా నిలబెడతాయో కనుక్కునే ప్రయత్నం చేశారు. నమూనా పూర్తిగా కుదరలేదు. కుదరలేదనే చార్టు మీద నిజాయితీగా రాశారు.

ఇంకో మంచి నియమం గురించి ఇక్కడే చెప్పాలి. మన రాష్ట్రంలో ఏడాది మధ్యలో జరిగే ఒక్కో ఎఫ్‌ఏకు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) 20 మార్కులుంటే, అందులో ప్రాజెక్టు పనికి 5 మార్కులు. ఆ ఐదు మార్కుల కోసం తల్లిదండ్రులు రాత్రి నెట్ సెంటర్లో బొమ్మలు ప్రింటు తీయించి, తామే అతికించి, తామే రాసి పంపడం చాలా ఇళ్లలో మామూలైపోయింది. ఈ బడిలో ఐదో తరగతి నుంచి ప్రాజెక్టు పని బడిలోనే, పిల్లల చేతిరాతతోనే జరగాలి. మొదట్లో కొందరు తల్లిదండ్రులు చార్టులు అందంగా లేవని గొడవ చేసినా, ప్రధానోపాధ్యాయురాలు వెనక్కి తగ్గలేదు. సెప్టెంబరు 9న కాళోజీ జయంతి సందర్భంగా జరిగే తెలంగాణ భాషా దినోత్సవం నాడు కూడా బట్టీ పట్టిన ఉపన్యాసాలు ఉండవు. పిల్లలు ఇంట్లో పెద్దలు చెప్పిన ఒక సంగతిని ఇంటి మాటల్లోనే చెప్పాలి.

ఇక అసంతృప్తి. వార్షికోత్సవానికి నెల రోజుల ముందు నుంచి మధ్యాహ్నం పీరియడ్లు దాదాపు ఉండవు. బయటి నుంచి డ్యాన్సు మాస్టరు వస్తారు. సినిమా పాటలు, అద్దె బట్టలు, మేకప్ కలిపి ఒక్కో పాపకు అయ్యే ఖర్చు కూలీనాలీ చేసుకునే తల్లిదండ్రులకు భారమే. బాగా ఆడేవారు ముందు వరుసలో, తక్కినవారు వెనుక కనిపించీ కనిపించకుండా నిలబడతారు. వెనుక వరుసలో ఉన్న పిల్లల ముఖాలు చూస్తే నాకు ప్రతిసారీ బాధ కలుగుతుంది. పేరెంట్స్ మీటింగులో ఈ మాట లేవనెత్తినప్పుడు, వార్షికోత్సవం ఘనంగా లేకపోతే కొత్త అడ్మిషన్లు రావని యాజమాన్యం చెప్పింది. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమైంది, కానీ సోల, తవ్వలతో పాఠం చెప్పే బడికి తనను చూపించుకోవడానికి సినిమా పాట అవసరమంటే నేను ఒప్పుకోలేను.

రెండో ఇబ్బంది సమాచారానిది. రేపు ఎల్‌కేజీ పిల్లలు ఆకుపచ్చ బట్టలు వేసుకురావాలని వాట్సాప్ గ్రూపులో రాత్రి ఎనిమిదింటికి కబురు వస్తుంది. ఉద్యోగాలకు వెళ్లే తల్లులు అప్పుడు ఏ దుకాణానికి పరుగెత్తాలి? చాలామందిమి అడిగిన మీదట, ఈ ఏడాది మొదటిసారి డిసెంబరు నుంచి మార్చి దాకా కార్యక్రమాల పట్టికను ఒక కాగితం మీద ముందే ఇచ్చారు. ఇది చిన్న మార్పులా కనిపించినా నాకు చాలా ఊరట.

ఆ పట్టికలో ఉన్నవాటిలో నేను తప్పకుండా చూడమనేవి రెండు. శ్రీనివాస రామానుజన్ జయంతి అయిన డిసెంబరు 22న గణిత దినోత్సవానికి మూడు నుంచి ఐదో తరగతి పిల్లలు సంత పెడతారు. ఇంటి నుంచి తెచ్చిన కూరగాయలు తూకం వేసి అమ్మి, చిల్లర లెక్క చూసి, సాయంత్రం లాభనష్టాలు రాసి ఇవ్వాలి. మా బాబు ఈసారి టమాటాలు అమ్ముతానంటున్నాడు. రెండోది ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం నాటి ప్రదర్శన. సర్ సి.వి. రామన్ 1928లో తన ఆవిష్కరణను వెల్లడించిన రోజది. ఫ్లోరైడ్ సీసాలు, గుడి నమూనా ఈసారి అక్కడే పెడతారు. సంక్రాంతి ముందు చుక్కల ముగ్గుల పోటీ, జనవరిలో నాగార్జునసాగర్ యాత్ర, ఫిబ్రవరిలో వార్షికోత్సవం, ఒంటిపూట బడులు మొదలుకాకముందే స్వపరిపాలన దినం ఉన్నాయి. సాగర్ యాత్రలో డ్యాం, 26 గేట్లు చూపించి తిరిగి రావడం కాక, లాంచీలో నాగార్జునకొండ మ్యూజియానికి కూడా తీసుకువెళ్లమని మేము కోరాము. ఇంకా జవాబు రాలేదు.

అడ్మిషన్ కోసం చూసేవారు వార్షికోత్సవానికి కాక, ఫిబ్రవరి 28న రండి. నమూనా ముందు నిలబడి చక్కగా వివరించే పిల్లవాడిని వదిలేసి, పక్కన మౌనంగా ఉన్న పిల్లవాడిని ఒక ప్రశ్న అడగండి. అతను కూడా తన మాటల్లో చెప్పగలిగితే ఆ పని తరగతి మొత్తం చేసినట్లు. నేను అడిగిన ప్రతిసారీ ఈ బడిలో చాలామంది చెప్పగలిగారు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇదంతా ఏడో తరగతి దాకానే. ఎనిమిది నుంచి ఐఐటీ ఫౌండేషన్ పేరిట వేరే పుస్తకాలు, అదనపు గంటలు మొదలవుతాయి, ప్రాజెక్టు పని అక్కడితో దాదాపు ఆగిపోతుంది. ఫౌండేషన్ వద్దనుకునే పిల్లలకు రాష్ట్ర సిలబస్‌తో మామూలు సెక్షన్ ఉంది. అందులో సైన్సు టీచరు పాత పద్ధతిలోనే ప్రయోగాలు చేయిస్తున్నారు. ఆ సెక్షన్ ఉన్నట్లు ఆఫీసులో తమంతట తాము చెప్పరు, అడిగితేనే చెబుతారు. మేము మా పాపను అందులోనే చేర్పిస్తామని రాసిచ్చాము. మీరూ అలా అనుకుంటే, ఏడాది చివరి ఎస్‌ఏ-2 (సమ్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు మొదలయ్యేలోపు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ తర్వాత సెక్షన్లు ఖాయమైపోతాయి, మార్చడానికి ఒప్పుకోరు.