బాలాజీ కాలనీలో ఎకానమీ క్లాసు: 1991 సంస్కరణలు బాగా చెప్పారు, వ్యవసాయాన్ని తొందరగా దాటేశారు

తిరుపతి బాలాజీ కాలనీలోని ఒక కోచింగ్ సెంటరులో గ్రూప్-2 మెయిన్స్ రెండో పేపరు కోసం నడుపుతున్న ఇండియన్ ఎకానమీ సాయంత్రం బ్యాచ్‌ను చివరి క్లాసు దాకా విన్న తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. మొత్తం కోర్సులో చేరకుండా ఈ ఒక్క సబ్జెక్టుకే విడిగా ఫీజు కట్టే వీలుంది. ఉద్యోగం చేస్తూ చదువుకునేవారికి అది పెద్ద సౌకర్యం. గది ఇరుకు, వెనక బెంచీలకు బోర్డు సరిగ్గా కనిపించదు కనుక కాస్త ముందుగా వెళ్లడం మంచిది.

ఆర్థిక సంస్కరణల భాగం ఈ కోర్సుకు ప్రాణం. చాలాచోట్ల 1991 జులై 24 నాటి పారిశ్రామిక విధానంతో మొదలుపెట్టి సరళీకరణ, ప్రైవేటీకరణ, ప్రపంచీకరణ అని మూడు శీర్షికలు రాయించి ముగిస్తారు. ఇక్కడ లెక్చరర్ గారు ఒక దశాబ్దం వెనక్కి వెళ్లారు. 1980లలోనే వృద్ధి రేటు దాదాపు ఐదున్నర శాతానికి చేరిందనీ, అయితే అందులో ప్రభుత్వం చేసిన అప్పుల పాత్ర పెద్దదనీ, 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో చమురు ధర పెరిగి, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గి, ఆ బలహీనత ఒక్కసారిగా బయటపడిందనీ వివరించారు. ఎంతోమంది పనికోసం కువైట్ వెళ్లే రాజంపేట, కోడూరు వైపు నుంచి వచ్చిన విద్యార్థులకు ఆ మాట వేరేగా వివరించనక్కర్లేదు. విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు మించి చాలని స్థితి, 1991 జులై 1, 3 తేదీల్లో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గింపు, అదే నెలలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి అప్పు తేవడం, ఇవన్నీ ఒకదాని వెంట మరొకటి ఎందుకు జరిగాయో అర్థమయ్యేలా చెప్పారు. పి.వి. నరసింహారావు, మన్మోహన్ సింగ్ తీసుకున్న నిర్ణయాలను పొగడ్తగా కాక, ఆనాటి ఇక్కట్ల మధ్య ఉంచి చూపించడం నాకు బాగా నచ్చింది.

అన్నిటికంటే విలువైనది లైసెన్సుల విధానం మీద జరిగిన క్లాసు. కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా సంస్థను గుర్తుచేసి, అలాంటి బ్యాటరీల ఫ్యాక్టరీ ఒకటి 1991కి ముందు పెట్టాలంటే ఏమేం కావాలో బోర్డు మీద వరుసగా రాశారు: 1951 నాటి పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం కింద పారిశ్రామిక లైసెన్సు, అందులో రాసిన సామర్థ్యానికి మించి తయారుచేయకూడదన్న షరతు, యంత్రాల దిగుమతికి అనుమతి, విదేశీ వాటాకు సాధారణంగా 40 శాతం పరిమితి, షేర్లు అమ్మాలంటే వాటి ధరను కూడా ఢిల్లీలోని అధికారే ఆమోదించడం, వీటితో పాటు భూమి, కరెంటు, నీరు, కాలుష్య అనుమతి. తర్వాత ఏ సంవత్సరంలో ఏది పోయిందో చెబుతూ ఒక్కొక్కటే తుడిచేశారు. 1991లో 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సు రద్దయింది, ప్రాధాన్య రంగాల్లో విదేశీ వాటా 51 శాతం దాకా అనుమతించారు, 1992లో షేర్ల జారీపై ఆ నియంత్రణ పోయి, షేర్ల మార్కెట్‌ను పర్యవేక్షించే సెబీకి చట్టబద్ధత వచ్చింది. చివరికి బోర్డు మీద భూమి, కరెంటు, నీరు, కాలుష్య అనుమతి మిగిలాయి. ఇవి చాలావరకు రాష్ట్రాల చేతుల్లో ఉండేవి కనుకనే పెట్టుబడుల కోసం రాష్ట్రాల మధ్య పోటీ మొదలైందని, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో శ్రీసిటీ పారిశ్రామిక నగరం రావడానికి 2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టంతో పాటు చెన్నై ఓడరేవు, తడ మీదుగా పోయే జాతీయ రహదారి ఎంత ముఖ్యమో దానితో కలిపి చెప్పారు. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఇంత స్పష్టంగా నాకు ఎక్కలేదు.

ఇంత శ్రద్ధ వ్యవసాయం, ఉపాధి అధ్యాయాలకు దక్కకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. దేశంలో పనిచేసేవారిలో దాదాపు సగం మంది ఇప్పటికీ వ్యవసాయం మీదే ఆధారపడి ఉండగా జాతీయాదాయంలో దాని వాటా ఐదో వంతుకు అటూ ఇటూ మాత్రమే ఉంది. సంస్కరణల తర్వాత వృద్ధి ఎవరి దాకా చేరిందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే వెతకాలి. ఆ భాగాన్ని మాత్రం నోట్సు చూసి చదివి ముగించారు. బంగారుపాళెం వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి లేచి, మామిడి గుజ్జు తీసే పల్ప్ ఫ్యాక్టరీలు ఇన్ని ఉన్నా తోతాపురి మామిడి ధరను రైతు ఎందుకు నిర్ణయించలేకపోతున్నాడని అడిగితే, పరీక్షలో అలాంటి బిట్లు రావని చెప్పి ముందుకు వెళ్లిపోయారు. పరిశ్రమకు లైసెన్సులు 1991లోనే పోయినా, వ్యవసాయ మార్కెట్లు రాష్ట్రాల పరిధిలోనివి కావడంతో వాటి సంస్కరణకు కేంద్రం నమూనా చట్టం పంపడానికే 2003 దాకా పట్టింది. ఈ ఒక్క తేడాను వివరించి ఉంటే ఆ అబ్బాయికి కనీసం సగం జవాబు దొరికేది. చిత్తూరు మామిడి రైతుల పిల్లలు కూర్చున్న గదిలో ఆ ప్రశ్నను పక్కన పెట్టకూడదు.

నోట్సు అచ్చు బాగుంది. పేదరికం పట్టికలో టెండూల్కర్ కమిటీ పద్ధతి అంకెలు, అంటే 1993-94లో 45.3 శాతం నుంచి 2011-12లో 21.9 శాతానికి తగ్గడం, సరిగానే ఇచ్చారు. అయితే పట్టికలు చాలావరకు ఆ కాలంతోనే ఆగిపోయాయి కాబట్టి తాజా ఆర్థిక సర్వేను పక్కన పెట్టుకుని చదవక తప్పదు.

బిట్లు మాత్రమే కావాలనుకునేవారికి ఈ బ్యాచ్ నెమ్మదిగా అనిపిస్తుంది. విషయం మొదటి నుంచి అర్థం చేసుకోవాలనుకునేవారు సంస్కరణల భాగం కోసమైనా నిస్సంకోచంగా చేరవచ్చు. వ్యవసాయానికి అదనపు క్లాసులు పెట్టాలని మేం కొందరం ఆఫీసులో రాసి ఇచ్చాం, వచ్చే బ్యాచ్‌కు ఆలోచిస్తామన్నారు. చేరబోయేవారు ఫీజు కట్టే ముందే ఆ క్లాసులు ఉన్నాయో లేవో అడిగి తెలుసుకోండి.