కాట్స్‌వోల్డ్స్‌లో సైకిల్ టూర్ బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఇంగ్లండ్‌లోని పల్లె ప్రాంతం కాట్స్‌వోల్డ్స్‌లో నాన్నతో సైకిల్ టూర్‌కి వెళ్ళి మొన్న రాత్రి ఇల్లు చేరాం. నిన్న ఆ టూర్ కంపెనీ వాళ్ళ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. సైకిల్ తనిఖీ చేశారట, బ్రేకులు సరిగ్గానే ఉన్నాయట, నడిపిన తీరు వల్లే పాడైందట, అందుకని మా డిపాజిట్ 150 పౌండ్లు తిరిగి ఇవ్వరట. అది చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. కానీ ఈలోపు ఇంకెవరైనా డబ్బు కట్టేస్తారేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

ఎవరి గురించో మీలో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. ఆకుపచ్చ వ్యాన్ల వాళ్ళు. మోర్టన్ ఇన్ మార్ష్ స్టేషన్ దగ్గర సైకిళ్ళు అప్పజెప్పి, సామాను హోటల్ నుంచి హోటల్‌కి చేరుస్తామనే వాళ్ళు. వేసవి వస్తే మన వాట్సాప్ గ్రూపులన్నిట్లో తిరిగే లింకు వాళ్ళదే. గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయను.

మా నాన్న తెనాలి నుంచి వచ్చి నెలన్నర అయింది. 66 ఏళ్ళు. కొల్లిపర వైపు బడిలో టీచరుగా చేశారు, ముప్పై ఏళ్ళు కాలవగట్టు మీద సైకిల్‌పైనే వెళ్ళొచ్చారు. లండన్ మూడుసార్లు తిప్పాక, "ఇక్కడి పల్లెటూళ్ళు ఎట్లా ఉంటాయో చూపించమ్మా" అన్నారు. అందుకే ఈ టూర్. మూడు రాత్రులు, రెండు సైకిళ్ళు, 820 పౌండ్లు. కార్డు కాకుండా నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తే 40 తగ్గిస్తామన్నారు. వేశాను. ఆ నలభైకి ఆశపడ్డందుకు ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

స్టేషన్ పార్కింగ్‌లో సైకిళ్ళు దించారు. నాన్న చేసిన మొదటి పని ఏంటంటే, వంగి ముందు చక్రం దగ్గర బ్రేక్ రబ్బరు మీద గోరు పెట్టి చూడటం. రబ్బరు మీద గాళ్ళు ఉంటాయి కదా, అవి కనిపించడం లేదు. ఒకవైపు అరిగి బిళ్ళలా అయిపోయింది. "అమ్మా, ఇది మార్చమను. రెండ్రోజులు రాదు" అన్నారు. సైకిళ్ళు దించిన మనిషికి చెప్పాను. అతను బ్రేక్ లివరు ఒకసారి నొక్కి, బాగానే ఉంది, పొద్దున్నే చెక్ చేశాం అన్నాడు. వెనక ఇంకో ఇద్దరు కస్టమర్లు నిలబడి ఉన్నారు. నాకు మొహమాటం వేసింది. "నాన్నా, వాళ్ళు చూసే ఇస్తారులే, పదండి" అన్నాను. సొంత వరండాలో కూర్చుని తన సైకిల్‌కి తానే రబ్బర్లు మార్చుకున్న మనిషి మాట పక్కనపెట్టి, ఎవరో యూనిఫాం టీషర్టు వేసుకున్నవాడి మాట నమ్మాను. ఇది నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

మొదటి రోజు సంగతి తొందరగా చెప్పేస్తాను. వాళ్ళిచ్చిన టూర్ కాగితంలో మొదటి మజిలీ సెజిన్‌కోట్. ఈస్టిండియా కంపెనీలో పనిచేసి వచ్చిన చార్లెస్ కాకరెల్ 1805 ప్రాంతంలో మొఘల్ తీరులో కట్టించుకున్న బంగళా అది, పైన రాగి గుమ్మటం ఉంటుంది. నాన్న దాని గురించి వారం రోజుల నుంచి మాట్లాడుతూనే ఉన్నారు. వెళ్తే గేటు మూసి ఉంది. వారంలో కొన్ని రోజులే తెరుస్తారట. బుక్ చేసిన తేదీ వాళ్ళ దగ్గర ఉంది కదా, ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా! సరే అనుకుని స్టో ఆన్ ది వోల్డ్ వైపు తిరిగాం. "వాహనాలు లేని ప్రశాంతమైన దారులు" అని డబ్బు తీసుకున్నవాళ్ళు మమ్మల్ని ఏ429 అనే మెయిన్ రోడ్డు మీదకి ఎక్కించారు. రోమన్లు వేసిన ఫాస్ వే అదే. బాణంలా తిన్నగా ఉంటుంది, కాబట్టి లారీలూ బాణాల్లాగే వస్తాయి. నాన్న ముందు, నేను వెనక, గుండె అరచేతిలో పెట్టుకుని తొక్కాం.

స్టోలో మాత్రం నాన్న మొహం వెలిగిపోయింది. సెయింట్ ఎడ్వర్డ్ చర్చి ఉత్తరం తలుపుకి అటూ ఇటూ రెండు యూ అనే రకం చెట్లు గోడలోకి కలిసిపోయినట్టు పెరిగాయి. వాటి ముందు ఎంతసేపు నిలబడ్డారో! 1646లో ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో ఆ ఊరి పక్కన జరిగిన పోరులో రాజు పక్షం సైనికులు పట్టుబడితే వాళ్ళని ఈ చర్చిలోనే పెట్టారని అక్కడ చదివి, బళ్ళో పిల్లలకి చెప్పినట్టు నాకు చెప్పారు. ఆ ఒక్క గంట కోసమైనా వచ్చినందుకు సంతోషమే. నాన్న ఫోటోలు అక్కడ ఇరవై తీశాను. బ్రేకు ఫోటో ఒక్కటి కూడా తీయలేదు.

రెండో రోజు బోర్టన్ నుంచి గైటింగ్ పవర్ మీదుగా స్నోస్‌హిల్ చేరాం. అక్కణ్ణుంచి బ్రాడ్‌వేకి రెండున్నర మైళ్ళ దిగుడు. ఒక్క కారు పట్టే దారి, రెండు వైపులా పొదల కంచె. సగం దిగేసరికి నాన్న సైకిల్ ముందు చక్రం నుంచి ఇనుము మీద ఇనుము గీసిన చప్పుడు. ఆయన రెండు లివర్లూ హ్యాండిల్‌కి ఆనేదాకా నొక్కారు. వెనక బ్రేకు పేరుకే ఉంది. "నాన్నా కాళ్ళు, కాళ్ళు" అని అరిచాను. ఎదురుగా వంపులోంచి గుర్రం మీద ఒకావిడ వస్తోంది. ఆవిణ్ణి తప్పించడానికి నాన్న కావాలనే సైకిల్‌ని కంచెలోకి తిప్పేశారు.

ఎముక విరగలేదు. ఎడమ మణికట్టు బెణికింది, మోచెయ్యి చర్మం లేచిపోయింది, దురదగొండి లాంటి ఆకు మొహమంతా రాసుకుని దద్దుర్లు తేలాయి. గుర్రం ఆవిడ దిగి నీళ్ళిచ్చి, మేం సెయింట్ ఎడ్‌బర్గా చర్చి దాకా నడిచి వెళ్ళేంతవరకు తోడు వచ్చింది. అంతకంటే మంచి మనిషిని ఈ దేశంలో నేను చూడలేదు.

ఆ చర్చి గోడ పక్కన కూర్చుని కంపెనీకి ఫోన్ చేశాను. 24 గంటల సాయం అని రాసుకున్న నంబరే. ఫోన్ చేసిన మూడు గంటల పది నిమిషాల తర్వాత వ్యాన్ వచ్చింది. ఈలోపు నాన్న ఊరుకోలేదు. నా సీటు కింద సంచిలో ఉన్న పానాతో ఒంటిచేత్తో ఆ బ్రేక్ రబ్బరు విప్పి రుమాల్లో పెట్టారు. రబ్బరు అన్నది లేదు. లోపలి రేకు తేలి, దాని అంచు వెండి రంగులో మెరుస్తోంది.

వ్యాన్ దిగిన మనిషి స్టేషన్లో సైకిళ్ళు ఇచ్చినవాడే. నాన్న చేతికి నా చున్నీ కట్టి ఉంది. అటు కన్నెత్తి చూడలేదు. దెబ్బ ఎలా ఉందని అడగలేదు. నేరుగా సైకిల్ దగ్గరికి వెళ్ళి వంగిన పెడలుకి, గీసుకుపోయిన చక్రానికి ఫోటోలు తీశాడు. నాన్న లేచి వెళ్ళి రుమాలు విప్పి, అరచేతిలో ఆ ముక్క పెట్టి చూపించారు. తనకొచ్చిన ఇంగ్లీషులో చాలా మర్యాదగా, "సర్, ఐ టోల్డ్ యూ దిస్ ఇన్ ది స్టేషన్" అన్నారు.

అతను ఆ ముక్క తీసుకున్నాడు. చూశాడు. చూసి తన జేబులో వేసుకున్నాడు. వేసుకుని నాతో అన్నాడు, "మీ నాన్నకి ఇలాంటి కొండ దిగడం తెలియదనుకుంటా. ఇది ఇండియాలో పల్లెటూరి సైకిల్ కాదు" అని.

నాన్నకి ఇంగ్లీషు అర్థమవుతుంది. ఆయన నావైపు చూసి, "పోనీలే అమ్మా" అన్నారు. ఆ ముక్క తిరిగి ఇమ్మని నేను అడగలేదు. ఎందుకు అడగలేదో నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. సైకిళ్ళు వ్యాన్‌లో వేసుకుని, మమ్మల్ని బ్రాడ్‌వే బస్టాపులో దింపి వెళ్ళిపోయాడు. ఇప్పుడు బ్రేకులు బాగానే ఉన్నాయని మెయిల్. ఉంటాయి మరి, కొత్తవి వేసి ఉంటారు. పాతది వాళ్ళ జేబులో ఉంది.

మిగిలిన టూర్ అక్కడితో సరి. 1799లో కట్టడం పూర్తయిన బ్రాడ్‌వే టవర్ చూడలేదు. ఉన్ని వ్యాపారంతో వెలిగిన చిప్పింగ్ క్యాంప్డెన్‌లో 1627 నాటి సంత మండపం చూడలేదు. నాన్న ఆ కాగితం మడతపెట్టి ఇంకా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నారు.

మీరు వెళ్తే డబ్బు క్రెడిట్ కార్డుతోనే కట్టండి. 100 పౌండ్లు దాటిన కొనుగోలుకి బ్రిటన్‌లోని 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద బ్యాంకు కూడా బాధ్యత వహించాలి. నేరుగా ఖాతాలో వేస్తే ఆ రక్షణ లేదు. సైకిల్ తీసుకునేటప్పుడే రెండు బ్రేకులూ, రబ్బర్లూ దగ్గరగా ఫోటో తీయండి, వాళ్ళ ముందే తీయండి. విరిగిందైనా అరిగిందైనా ఏ ముక్కా వాళ్ళ చేతికి ఇవ్వకండి. దారి మీరే మ్యాపులో చూసుకోండి, నంబరు ముందు 'ఏ' ఉన్న రోడ్డైతే వద్దనండి. నేను జనానికి ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ వాళ్ళతో మాట్లాడాను, డబ్బు రాకపోతే చిన్న మొత్తాల కేసులు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్తాను.

స్టోలో గానీ బోర్టన్‌లో గానీ ఈ మధ్య వాళ్ళ సైకిళ్ళు అద్దెకి తీసుకున్నవాళ్ళు ఉంటే, మీ ఫోటోల్లో బ్రేకు కనబడితే నాకు పంపండి. ఈ శనివారానికి బుక్ చేసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. బయల్దేరేముందు ఎక్కడ గోరు పెట్టి చూడాలో వీడియో కాల్‌లో తనే చూపిస్తానని నాన్న అంటున్నారు.