బెంగళూరులో ఒక రెస్పైట్ కేర్ కేంద్రం: పగలు మెచ్చుకోదగినది, రాత్రి ఆలోచించవలసినది

కె.ఆర్.పురం దాటి హొసకోటె వైపు వెళ్లే దారిలో ఉన్న ఈ చిన్న కేంద్రం, ఆటిజం, మేధోవైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పెద్దవారిని కొద్దిరోజులు తన వద్ద ఉంచుకొని, ఇంట్లో వారిని కనిపెట్టుకొని ఉండేవారికి తెరిపి ఇస్తుంది. అమ్మకు శుక్లాల ఆపరేషన్ జరిగినప్పుడు, ఆటిజంతోపాటు మూర్ఛ కూడా ఉన్న మా తమ్ముణ్ణి అక్కడ ఉంచాము. లోపాలు కూడా రాస్తున్నందున కేంద్రం పేరు ఇవ్వడం లేదు.

అన్నిటికన్నా నాకు నచ్చినది, చేర్చుకొనే ముందు వారు వివరాలు అడిగే తీరు. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), మందుల చీటీ ఎవరైనా అడుగుతారు. ఇక్కడి పర్యవేక్షకురాలు మాత్రం తమ్ముడు ఏ చప్పుడుకు బెదురుతాడు, మూర్ఛ వచ్చే ముందు ముఖంలో ఏ మార్పు కనబడుతుంది, పెరుగన్నం కలిపి పెట్టాలా, విడిగా పెట్టాలా అని ఓపిగ్గా కూర్చొని అమ్మ చేత చెప్పించుకొని రాసుకున్నారు. పెరుగు ముందే కలిపితే వాడు కంచం తోసేస్తాడు. ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అన్నం కంచంలోనూ, పెరుగు గిన్నెలోనూ పెట్టి, వాడే కలుపుకొనేదాకా ఆయమ్మ ఏమీ అనకుండా పక్కన కూర్చొని ఉంది. ఆమె సొంతూరు చింతామణి, ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయితే అది మాకు కలిసివచ్చిందే గాని కేంద్రం చేసిన ఏర్పాటు కాదు. మిగిలిన సిబ్బందికి తెలుగు అంతంతమాత్రం గనుక, ఆమె ఏ వేళల్లో పనిలో ఉంటుందో ముందే అడగడం మంచిది.

నా ఫిర్యాదంతా రాత్రి గురించే. పగలు ఇద్దరు ముగ్గురికి ఒకరు చొప్పున ఉండే మనుషులు, రాత్రి అందరికీ కలిపి ఒక్కరే. మందుల పుస్తకం అడిగితే దాచకుండా చూపించారు. ఉదయం మాత్రల ఎదుట 8.05, 8.20, 7.50 అని వేర్వేరు వేళలు, వేర్వేరు చేతిరాతలు ఉన్నాయి. రాత్రి మాత్రల ఎదుట మాత్రం ప్రతిరోజూ సరిగ్గా 9.00, అదీ ఒకే కలంతో ఒకే వరుసలో రాసినట్టుగా ఉంది. మాత్రలు వేయలేదని నేను అనడం లేదు. వేసినప్పుడే రాయలేదని మాత్రం ఆ పేజీయే చెబుతోంది. మూర్ఛ మందు వేళ తప్పకూడదు కనుక ఇది చిన్న విషయం కాదు. అడిగినప్పుడు పర్యవేక్షకురాలు వాదించలేదు, రాత్రికి రెండో మనిషిని పెట్టే ప్రయత్నంలో ఉన్నామన్నారు.

రోజుకు 1,800 రూపాయలు తీసుకున్నారు. ఇలాంటి వైకల్యాలు ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన నేషనల్ ట్రస్ట్‌కు రెస్పైట్ కోసం సమర్థ్ అనే పథకం ఉన్నా ఈ కేంద్రం దాని కిందికి రాదు. అదే సంస్థ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు వైద్యానికే గాని బస ఖర్చుకు వర్తించదు. ఇంకొక సంగతి. 18 ఏళ్లు నిండినవారికి కన్నతల్లి కూడా తల్లి అయినంతమాత్రాన చట్టబద్ధ సంరక్షకురాలు కాదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లాధికారి (కలెక్టర్) ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకొని ఆ నియామకం పొందాలి. ఆ పత్రం లేదని ఇక్కడ తిప్పి పంపరు. ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, సంతకం ఎవరు పెడతారో రాయించుకుంటారు.

ఇంతమంది ఉండగా బిడ్డను బయట పెట్టడమేమిటని మా బంధువులు కొందరు నొచ్చుకున్నారు. వారిలో ఎవరూ అంతకుముందు ఒక్క రాత్రి కూడా వచ్చి తమ్ముడి పక్కన పడుకున్నవారు కారు. కేంద్రంవారు మాత్రం అవసరమైతే తప్ప ఫోన్ చేయబోమని చెప్పి, అన్నట్టే రోజూ సాయంత్రం ఒక్క వాట్సాప్ సందేశంతో సరిపెట్టారు. అమ్మ కంట్లో చుక్కల మందు వేయించుకొని నిశ్చింతగా నిద్రపోయింది.

రాత్రికి రెండో మనిషి వచ్చేదాకా మూర్ఛ ఉన్నవారిని ఇక్కడ పగటి వేళకే పంపమంటాను. మూర్ఛ లేనివారి విషయంలో నాకు అభ్యంతరం లేదు. సగం రుసుముకు ఒక పగలు ఉంచి చూసుకొనే వీలుంది. వేసవి సెలవుల్లో పడకలు ముందే నిండిపోతాయి కనుక, ఆ రోజుల్లో కావలసినవారు ఉగాదికి ముందే చెప్పి ఉంచుకోవాలి.