జాగ్రత్త: కార్పెట్ క్లీనింగ్ వ్యాన్ ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టేముందు వ్యాన్ కిందికి దూరి చూడండి

డాలస్ చుట్టుపక్కల కార్పెట్ క్లీనింగ్ పని మొదలుపెడదామని వ్యాన్ వెతుక్కుంటున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వ్యాన్, మెషిన్, బిగింపు మూడూ కలిపి ఒకే రేటు అని అమ్మే ప్యాకేజీల్లో ఒకటి నేను కొన్నాను. మెషిన్‌లో ఏ లోపమూ లేదు, ఈరోజుకీ చక్కగా నడుస్తోంది. వ్యాన్ కూడా మంచిదే. మోసమంతా ఆ మెషిన్‌ని వ్యాన్‌లో బిగించిన తీరులో ఉంది. అది పైకి కనపడదు. లోపల నల్ల రబ్బరు మ్యాట్, మెరిసే స్టీల్ రీళ్లు, వరసగా క్లిప్పులు వేసిన పైపులు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. డబ్బు రాబట్టే ప్రయత్నం ఇంకా నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు ఇక్కడ పెట్టడం లేదు. కింద రాసినవి చూసుకుంటే పేరుతో పని లేకుండానే అలాంటివాళ్లు దొరికిపోతారు.

ఈ పనికి కొత్తవాళ్లకి రెండు ముక్కలు. చేత్తో తోసుకెళ్లే చిన్న మెషిన్ ఇంట్లో కరెంటు మీద నడుస్తుంది. ట్రక్‌మౌంట్ అంటే వ్యాన్‌లోనే కూర్చునే పెద్ద మెషిన్. దానికి సొంత పెట్రోలు ఇంజను ఉంటుంది. ఆ ఇంజనే బ్లోయర్‌ని తిప్పి మురికినీళ్లు లాగుతుంది, హై ప్రెషర్ పంపుని తిప్పి వేడినీళ్లు కొడుతుంది. నీళ్లు వేడెక్కేది చాలావరకు ఇంజను పొగ వేడితోనే. నీళ్లు 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా కాగుతాయి. కార్పెట్ మీద కొట్టే ప్రెషర్ మామూలుగా 300 నుంచి 500 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు. వ్యాన్ సొంత ఇంజనుతోనే నడిచే రకాలు వేరే ఉన్నాయి, నేను చెప్పేది వాటి గురించి కాదు. డ్రైవరు వీపు వెనకే ఒక ఇంజను, పెట్రోలు పైపు, కాలే సైలెన్సరు, వందల లీటర్ల నీళ్లు ఉంటాయి. ఇంత సామాను పెట్టేచోట బిగింపు అనేది చివర్లో ‘ఫ్రీగా చేసిపెడతాం’ అనే పని కాదు.

అన్నిటికంటే ముందు బరువు. డ్రైవరు తలుపు తీస్తే పక్క పిల్లర్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. అందులో జీవీడబ్ల్యూఆర్ అని రాసి ఉన్న అంకె, మనుషులతో సామానుతో కలిపి ఆ వ్యాన్ మోయదగ్గ మొత్తం బరువు. షెవ్రొలే ఎక్స్‌ప్రెస్ 2500 లాంటి, ఇక్కడ ‘ముప్పావు టన్ను’ తరగతి అని పిలిచే వ్యాన్‌కి అది 8,600 పౌండ్లు, అంటే సుమారు 3,900 కిలోలు. మా వ్యాన్ కూడా ఆ తరగతిదే. ఖాళీ బరువు 5,500 దాకా ఉంది. మిగిలేది 3,100. ఇప్పుడు ఎక్కించే సరుకు లెక్క చూడండి. మెషిన్ 900 పౌండ్లు. ఒక గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు తూగుతాయి కాబట్టి వంద గ్యాలన్ల మంచినీళ్ల ట్యాంకు నిండితే 834, మురికినీళ్ల ట్యాంకు నిండితే ఇంకో 834. పైపులు, రీళ్లు, క్లీనింగ్ మందుల డబ్బాలు, ర్యాకులు, కార్పెట్ మీద తోసే వాండ్లు కలిపి 600 అనుకున్నా, ఇద్దరు మనుషులు ఎక్కితే మొత్తం 3,500 దాటుతుంది. కాగితం మీదే తేడా కొడుతున్న లెక్క ఇది.

ఈ మాట కొనకముందే అడిగాను. "అన్నా, నువ్వు టెన్షన్ పడకు, కస్టమర్ ఇంటి కుళాయి నుంచే నీళ్లు తీసుకుంటావు కదా, రెండు ట్యాంకులూ ఒకేసారి ఎందుకు నిండుతాయి" అన్నాడు అమ్మినాయన. వినడానికి బాగానే ఉంటుంది. కానీ జరిగేది సరిగ్గా తలకిందులు. కుళాయి నీళ్లు పెట్టుకుంటే మంచినీళ్ల ట్యాంకులోంచి చుక్క ఖర్చు కాదు, అది నిండుగానే ఉంటుంది. వాడిన నీళ్లన్నీ మురికి ట్యాంకులో చేరతాయి. పని అయ్యాక రెండూ నిండిన వ్యాన్‌తో హైవే ఎక్కుతాం. బరువు కాగితం మీద రాసివ్వమంటే "డెలివరీ రోజు ఇస్తాం" అన్నారు, ఇవ్వలేదు.

చివరికి నేనే హైవే పక్క ట్రక్ స్టాపులో ఉండే క్యాట్ స్కేల్ అనే లారీల తూకం మీదికెక్కించి తూయించాను. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా చూపించే చీటీ ఇస్తారు, ఖర్చు చాలా తక్కువ. మొత్తం బరువు స్టిక్కర్ అంకె దాటింది. వెనక యాక్సిల్ మీద ఇంకా ఘోరంగా ఉంది, ఎందుకంటే మురికినీళ్ల ట్యాంకుని తీసుకెళ్లి వెనక చక్రాలకి కూడా వెనక, తలుపుల దగ్గర పెట్టారు. అలా పెడితే ట్యాంకు నిండేకొద్దీ ముందు చక్రాల మీద బరువు తేలిపోతుంది, స్టీరింగ్ తేలిగ్గా ఊగుతుంది. బ్రేక్ వేస్తే ఆగే దూరం పెరుగుతుంది. ట్యాంకులో అడ్డుపలకలు లేకపోవడంతో సిగ్నల్ దగ్గర ఆగిన తర్వాత కూడా నీళ్లు ముందుకొచ్చి వ్యాన్‌ని ఒక తోపు తోస్తాయి. పైగా ‘కొత్త టైర్లు వేసి ఇస్తున్నాం’ అని గొప్పగా చెప్పిన టైర్లు మామూలు కార్లకి వేసే తరగతివి. ఇలాంటి వ్యాన్‌కి లోడ్ రేంజ్ ‘ఇ’ టైర్లు కావాలి, 80 పీఎస్‌ఐ గాలి పట్టేవి. టైరు గోడ మీదే రాసి ఉంటుంది, వంగి చదవండి. కమాను కట్టలు అదనంగా వేయిస్తే సరిపోతుంది కదా అని కొందరు సలహా ఇస్తారు. కట్టలు వేస్తే వెనక భాగం ఎత్తుగా నిలబడుతుంది అంతే, స్టిక్కర్ మీద అంకె మారదు. బ్రేకులు, యాక్సిలు అవే.

ఇక బోల్టులు. నాకు అసలు కోపం వచ్చింది ఇక్కడే. టైర్లు మార్పిద్దామని షాపుకి తీసుకెళ్తే మెకానిక్ వ్యాన్‌ని లిఫ్ట్ ఎక్కించి నన్ను పిలిచి చూపించాడు. మెషిన్ ఫ్రేముని ప్లైవుడ్ నేల మీద పెట్టి, రేకులోకి దిగే స్క్రూలతో పట్టేశారు. వ్యాన్ నేల అంటే ముడతలు పెట్టిన పల్చటి రేకు. జరగాల్సిందేమిటంటే, అరంగుళం గ్రేడ్ 8 అనే గట్టి రకం బోల్టులు నేలలోంచి కిందికి దిగాలి, కింద మందపాటి స్టీలు ప్లేట్లు పెట్టి వాటి మీద నట్లు బిగించాలి. అప్పుడు లాగుడు బలం రేకు అంతటా పంచుకుంటుంది. స్క్రూలైతే గట్టిగా గుద్దినప్పుడు రేకుని చింపుకుని వస్తాయి. 900 పౌండ్ల ఇనుము ముందుకి వస్తే మధ్యలో ఏముంది? ప్యాకేజీలో రాసిన ‘సేఫ్టీ పార్టిషన్’ తీసి చూస్తే, అది పనిముట్లు సీట్ల మీద పడకుండా పెట్టే వైరు జాలీ. ట్యాంకులకైతే బోల్టులు కూడా లేవు, సామాను కట్టే పట్టీలు ఉన్నాయి. నిండిన ట్యాంకుని రాచెట్ పట్టీతో కట్టి ‘ప్రొఫెషనల్ ఇన్‌స్టలేషన్’ అని బిల్లులో రాయడానికి ధైర్యం ఉండాలి.

అదే లిఫ్ట్ మీద ఇంకోటి కనపడింది. ఒక స్క్రూ మొన బ్రేక్ పైపుకి వేలెడు దూరంలో ఆగింది. ఈ వ్యాన్లకి పెట్రోలు ట్యాంకు, బ్రేక్ పైపులు, వైర్లు అన్నీ నేల కిందే ఉంటాయి. రంధ్రం వేసేముందు కిందికి దూరి కొలుచుకోకుండా డ్రిల్లు పెట్టేవాడి చేతికి వ్యాన్ ఇవ్వకూడదు.

పెట్రోలు కనెక్షన్ సంగతి వింటే మీరే నోరెళ్లబెడతారు. ట్రక్‌మౌంట్‌కి పెట్రోలు సాధారణంగా వ్యాన్ ట్యాంకులోంచే తీస్తారు. దానికి సరైన పద్ధతి, ట్యాంకులోకి విడిగా ఒక పికప్ పైపు దించి, తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపుతో మెషిన్‌కి ఇవ్వడం. ఆ పికప్ పైపుని అడుగుదాకా దించరు, కాస్త పైన ఆపుతారు. మెషిన్ రోజంతా తాగినా ఇంటికి చేరేంత పెట్రోలు వ్యాన్‌కి మిగలాలి కదా. కొన్ని వ్యాన్లకి కంపెనీయే అదనపు ఫ్యూయల్ పోర్టు ఇస్తుంది, ఉంటే అంతకంటే కావాల్సింది లేదు. మా దాంట్లో ఏం చేశారంటే, వ్యాన్ ఇంజనుకి వెళ్లే పైపుని కోసి మధ్యలో టీ జాయింటు పెట్టారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో ఆ పైపులో 50, 60 పీఎస్‌ఐ ప్రెషర్ ఉంటుంది. అంత ప్రెషర్ ఉన్న చోట మామూలు క్లిప్పులు, మామూలు రబ్బరు పైపు. ఆ పైపు నేలలోని రంధ్రం గుండా పైకి వచ్చేచోట రబ్బరు వాషరు లేదు, రేకు అంచుకి రాసుకుంటోంది. వ్యాన్‌లో పెట్రోలు వాసన వస్తోందని ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "కొత్తలో అలాగే ఉంటుంది, కిటికీ కొంచెం దించి నడుపు." పెట్రోలు వాసనకి కొత్తా పాతా ఉండదు. వాసన వస్తే మెషిన్ స్టార్ట్ చేయకండి.

పొగ గొట్టం గురించి కూడా చెప్పాలి. మెషిన్ ఇంజను పొగ నేలలోంచి కిందికి దిగి, వ్యాన్ అంచు దాటి బయటికి పోవాలి. నేలలో దాని చుట్టూ ఉన్న సందు వేడి తట్టుకునే సీలుతో మూసేయాలి. మా దాంట్లో గొట్టం నేల దాటిన రెండంగుళాలకే ఆగిపోయింది, అదీ పక్క తలుపు కిందే. పని చేసేటప్పుడు ఆ తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి పొగ తిన్నగా లోపలికి ఎక్కుతుంది. నాతో పనిచేసే కుర్రాడికి మధ్యాహ్నానికల్లా తలనొప్పి, వికారం వస్తుంటే ఎండదెబ్బ అనుకున్నాం. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, మొదటి లక్షణాలు అవే. డ్రైవరు సీటు దగ్గర బ్యాటరీతో నడిచే అలారం ఒకటి పెట్టుకోండి. కస్టమర్ గ్యారేజీలోకి వ్యాన్ పెట్టి మెషిన్ నడపడం మాత్రం ఎంత వాన వచ్చినా చేయకండి.

చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. మురికినీళ్ల ట్యాంకు అడుగున పెద్ద వాల్వు పెట్టి, "ఎక్కడైనా వీధి పక్కన కాలువలోకి వదిలేయొచ్చు" అని కిటుకు చెప్పినట్టు చెప్పాడు. వీధి పక్క వాననీటి కాలువ శుద్ధి లేకుండా వాగుల్లోకి పోతుంది. సబ్బునీళ్లు అందులోకి వదలడం చట్టవిరుద్ధం, నగరం జరిమానా వేస్తే పడేది మీ మీదే. ఇళ్ల మురుగు పోయే డ్రైనేజీ లైనులోకే వదలాలి. పంపు దగ్గర నీళ్లు ఖాళీ చేసే ఏర్పాటు అసలు లేదు. టెక్సస్‌లో చలి ఎక్కడుంది అంటారేమో, 2021 ఫిబ్రవరిలో డీఎఫ్‌డబ్ల్యూలో (డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో) మైనస్ 2 ఫారెన్‌హీట్‌కి పడింది. లోపల నీళ్లు గడ్డకడితే పంపు, నీళ్లు వేడిచేసే హీట్ ఎక్స్‌ఛేంజరు పగులుతాయి.

వారంటీ మాట కూడా తేల్చుకోండి. చాలా మెషిన్లకి కంపెనీ వారంటీ అధీకృత డీలరు బిగిస్తేనే చెల్లుతుంది. మాకు అమ్మినాయన డీలరు కాడు, డీలరు దగ్గర కొని బిగించి అమ్మే మధ్యవర్తి. ఆ సంగతి కంపెనీకి సీరియల్ నంబరు చెబితే వాళ్లే చెప్పారు. మీరు అడ్వాన్స్ ఇచ్చేముందే ఆ ఫోన్ చేయండి, ఐదు నిమిషాల పని. ‘మనవాడే, వాట్సాప్ గ్రూపులో అందరికీ తెలుసు’ అనేది వారంటీ కార్డు కాదు. ఇన్సూరెన్స్ ఏజెంటుకి కూడా మెషిన్ బిగించిన ఫోటోలు పంపి, వ్యాన్ పాలసీలో మెషిన్ కవర్ అవుతుందో లేదో రాతపూర్వకంగా అడగండి. మామూలుగా పరికరాలకి విడిగా తీసుకోవాలి.

ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందంటే, వేరే షాపులో మొత్తం విప్పించి మళ్లీ బిగించాం. మెషిన్ ముందుకి జరిగింది, పెద్ద ట్యాంకులు తీసేసి చిన్నవి పెట్టాం, స్టీలు పార్టిషన్ వచ్చింది, పెట్రోలు లైను కొత్తగా పడింది. మళ్లీ తూయిస్తే స్టిక్కర్ అంకె లోపలే ఉంది. ఆ బిల్లు, రెండు తూకం చీటీలు, లిఫ్ట్ మీద తీసిన ఫోటోలు జతచేసి అమ్మినాయనకి సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపాను. టెక్సస్ వినియోగదారుల చట్టం డీటీపీఏ కింద నష్టపరిహారం కోసం కేసు వేయాలంటే ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. చిన్న వ్యాపారాలకి కూడా ఆ చట్టం వర్తిస్తుంది. 20,000 డాలర్ల లోపు అయితే చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టులో లాయరు లేకుండా వేసుకోవచ్చు. ఉత్తరం అందాక ఆయన ఫోన్ చేసి, బిగింపు కూలీ మటుకు వెనక్కిస్తాను, గ్రూపులో పెట్టొద్దు అన్నాడు. కొత్త బిగింపు బిల్లు మొత్తం కావాలన్నాను. గడువు ఇంకా నడుస్తోంది.

ఈలోగా ఆయన దగ్గర ఇంకో తెల్ల వ్యాన్ తయారవుతోందని విన్నాను. ఎవరైనా చూడ్డానికి వెళ్తుంటే, బాకీ డబ్బు చేతికిచ్చేముందు ఏదైనా టైర్ల షాపులో లిఫ్ట్ ఎక్కించి చూస్తానని చెప్పండి. ఒప్పుకోకపోతే అక్కడినుంచి వచ్చేయండి. మా వ్యాన్ కింద తీసిన ఫోటోలు కావాలన్నవాళ్లకి పంపిస్తాను, ఏది సరైన బిగింపో ఏది కాదో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.